పి.వి. నరసింహారావు: విద్యామంత్రిగా

పాములపర్తి వెంకట నరసింహారావు (1921–2004) పేరు వినగానే ఆయన ప్రధాని అయిన 1991 గుర్తుకొస్తుంది. రూపాయి విలువ తగ్గింపు, లైసెన్సుల రద్దు, మన్మోహన్ సింగ్ బడ్జెట్, మైనారిటీ ప్రభుత్వం అయిదేళ్ళు నిలబడటం వంటివన్నీ ఆ వెంటే వస్తాయి. కానీ ఆయన ప్రజాజీవితంలో ఆర్థిక శాఖతో సంబంధం ఆలస్యంగా, అదీ అవసరం కొద్దీ ఏర్పడింది. చదువుతో సంబంధం అంతకంటే చాలా పాతది. 1968 నుంచి 1971 వరకు ఆంధ్రప్రదేశ్ విద్యామంత్రిగా, 1985 నుంచి 1988 వరకు కేంద్ర మానవ వనరుల అభివృద్ధి మంత్రిగా పనిచేశారు. తెలుగు అకాడమి, రెండేళ్ళ ఇంటర్మీడియట్, సర్వేల్ గురుకుల పాఠశాల, 1986 జాతీయ విద్యావిధానం, నవోదయ విద్యాలయాలు, జాతీయ అక్షరాస్యతా మిషన్ ఈ రెండు దఫాల్లోనో, వాటిని ఆనుకునో వచ్చాయి. ఆయన రాజకీయాలను ఎంత విమర్శించేవారైనా ఈ జాబితాను తేలిగ్గా తీసేయలేరు. అలాగని జాబితా మొత్తాన్నీ కళ్ళకద్దుకోవలసిన అవసరమూ లేదు.

బాల్యం, చదువు

పి.వి. 1921 జూన్ 28న వరంగల్ జిల్లా నర్సంపేట దగ్గరి లక్నేపల్లిలో, అమ్మమ్మగారి ఇంట పుట్టారు. వంగరలో పాములపర్తి రంగారావు, రుక్మిణమ్మ దంపతులకు దత్తత వెళ్ళి అక్కడే పెరిగారు. వంగర అప్పట్లో కరీంనగర్ జిల్లాలో ఉండేది. 2016లో జిల్లాలను విడదీసినప్పుడు వరంగల్ అర్బన్‌లో చేరింది, ఇప్పుడు హనుమకొండ జిల్లాలో ఉంది.

వంగరలో పై తరగతుల బడి లేదు. పిల్లవాడు పొరుగున ఉన్న కట్కూరులో బంధువుల ఇంట ఉండి కొన్నాళ్ళు చదివాడు, ఆ తర్వాత హనుమకొండ ఉన్నత పాఠశాలకు వచ్చాడు. ఆ రోజుల్లో తెలంగాణ పల్లె పిల్లలకు చదువంటే ఇల్లు వదలడమే. బంధువుల ఇళ్ళలోనో, సత్రాల్లోనో, తెలిసినవారి పంచల్లోనో ఉండి చదువుకునేవారు. ఆ వసతి కూడా దొరకనివారు మధ్యలో మానేసేవారు. పి.వి. భూములున్న కుటుంబంలో పెరిగారు గనుక వసతికి ఇబ్బంది లేకపోయింది. వసతి లేక చదువు ఆగినవారిని మాత్రం పక్కనే చూశారు.

రెండో చిక్కు భాష. నిజాం రాజ్యంలో పై చదువుల మాధ్యమం ఉర్దూ. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం దేశభాషలో ఆధునిక శాస్త్రాలు బోధించిన తొలి విశ్వవిద్యాలయంగా పేరు తెచ్చుకుంది, అందుకోసం పెద్ద ఎత్తున అనువాదశాఖను కూడా నడిపింది. ఆ దేశభాష మాత్రం రాజ్యంలో అధిక సంఖ్యాకుల భాష కాదు. తెలుగు, మరాఠీ, కన్నడ పిల్లలు లెక్కలూ సైన్సూ ఉర్దూలోనే నేర్చుకోవాల్సి వచ్చింది. ఈ ఏర్పాటు నుంచి పి.వి.కి రెండు పాఠాలు దక్కాయి. ఉర్దూ, పారశీకాల మీద పట్టు చిక్కింది. ప్రభుత్వం తలుచుకుంటే ఏ భాషలోనైనా ఉన్నత విద్య పుస్తకాలు తయారు చేయించగలదన్న సంగతీ తెలిసింది. ముప్పై ఏళ్ళ తర్వాత తెలుగు అకాడమి పెట్టినప్పుడు ఈ రెండోది పనికొచ్చింది.

1938లో ఉస్మానియా హాస్టళ్ళలో వందేమాతరం పాడకూడదన్న ఆంక్ష మీద విద్యార్థుల ఉద్యమం లేచింది. వరంగల్‌లో ఇంటర్మీడియట్ చదువుతున్న పి.వి. అందులో పాల్గొని బహిష్కృతుడయ్యారు. బహిష్కృతులైన విద్యార్థులను నాగపూర్ విశ్వవిద్యాలయం చేర్చుకుంది. అక్కడ ఇంటర్, పుణె ఫెర్గూసన్ కళాశాలలో బీఎస్సీ, మళ్ళీ నాగపూర్‌లో న్యాయశాస్త్రం పూర్తిచేశారు. మరాఠీ అలా వచ్చింది. హిందీని అంతకుముందే పట్టుకున్నారు. ఆయన బహుభాషా పాండిత్యాన్ని అద్భుతంగా వర్ణించడం ఇప్పుడు ఆనవాయితీ అయింది. ఒక ఊళ్ళో పుట్టి, మరో ఊళ్ళో పెరిగి, మూడు రాజ్యాల్లో చదవాల్సి వచ్చిన మనిషికి అందులో కొంత అనివార్యంగానే అబ్బింది.

వరంగల్ పత్రిక నుంచి మంథని సీటు దాకా

న్యాయవాదిగా బూర్గుల రామకృష్ణారావు దగ్గర పనిచేశారు. స్వామి రామానంద తీర్థ నాయకత్వంలోని హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్‌లో చేరి, నిజాం వ్యతిరేక పోరాటంలో సరిహద్దు అవతల చాందా శిబిరం నుంచి పనిచేశారు. పోలీసు చర్య తర్వాత వరంగల్ చేరి, మిత్రుడు పాములపర్తి సదాశివరావుతో కలిసి ‘కాకతీయ పత్రిక’ వారపత్రికను నడిపారు. ఇద్దరూ ‘జయ – విజయ’ అనే మారుపేర్లతో రాసేవారు. పి.వి. ప్రసిద్ధ కథ ‘గొల్లరామవ్వ’ 1949లో ఇందులోనే వచ్చింది. రజాకార్ల కాలంలో ఒక ముసలి గొల్ల స్త్రీ చూపిన తెగువ ఆ కథాంశం. తెలంగాణ కథల సంకలనాల్లో అది ఇప్పటికీ చోటు సంపాదించుకుంటూనే ఉంది.

1952లో కరీంనగర్ లోక్‌సభ స్థానానికి పోటీచేసి కమ్యూనిస్టు నాయకుడు బద్దం ఎల్లారెడ్డి చేతిలో ఓడిపోయారు. 1957లో మంథని నుంచి శాసనసభకు గెలిచారు. 1962, 1967, 1972 ఎన్నికల్లోనూ ఆ సీటు ఆయనదే. 1962లో మంత్రి అయ్యారు. న్యాయం, సమాచారం, దేవాదాయం, వైద్యం వంటి శాఖలు వరుసగా చూశారు. దేవాదాయ మంత్రిగా ఉండగానే 1966 నాటి హిందూ ధార్మిక సంస్థల చట్టం వచ్చింది. రాష్ట్ర రాజకీయాల్లో ఆయనకు సొంత వర్గం లేదు. పెద్ద కులబలం గల నాయకుల మధ్య అది లోటు. ముఖ్యమంత్రులకు మాత్రం అదే నచ్చేది. పనిచేసే మంత్రి కావాలి, పోటీకి వచ్చే మంత్రి వద్దు.

రాష్ట్ర విద్యామంత్రి: 1968–1971

కాసు బ్రహ్మానందరెడ్డి మంత్రివర్గంలో పి.వి. విద్యాశాఖ తీసుకున్న నాటికి కొఠారి కమిషన్ నివేదిక వచ్చి రెండేళ్ళయింది. 1968లో కేంద్రం తొలి జాతీయ విద్యావిధానం ప్రకటించింది. మాతృభాషలో ఉన్నత విద్య, త్రిభాషా సూత్రం, దేశమంతటా ఒకే నమూనాగా 10+2+3, జాతీయాదాయంలో 6 శాతం విద్యకు ఖర్చు అందులోని ప్రధానాంశాలు. చివరిదాని ముచ్చట ఇప్పటికీ తీరలేదు. మిగతావాటిని రాష్ట్రాలు తమ తమ వీలునుబట్టి అమలు చేశాయి.

విశ్వవిద్యాలయ స్థాయి పుస్తకాలను ప్రాంతీయ భాషల్లో తయారు చేసుకోవడానికి కేంద్రం ఒక్కో రాష్ట్రానికి కోటి రూపాయల సాయం ప్రకటించింది. ఆ పథకం కింద 1968 ఆగస్టు 6న తెలుగు అకాడమి ఏర్పడింది. పి.వి. దాని వ్యవస్థాపక అధ్యక్షుడు. విద్యాశాఖ వదిలాక కూడా కొన్నేళ్ళు ఆ బాధ్యతలో కొనసాగారు. ఇంటర్మీడియట్, డిగ్రీ తరగతులకు తెలుగులో పాఠ్యపుస్తకాలు, వివిధ శాస్త్రాల పారిభాషిక పదకోశాలు, మాండలిక పదకోశాలు అకాడమి వెలువరించింది. పుస్తకాలను గ్రాంథికంలో కాక శిష్ట వ్యావహారికంలో రాయించడం ఆనాటికి చిన్న సంగతి కాదు. విశ్వవిద్యాలయాల్లో ఆ వివాదం అప్పటికింకా నడుస్తూనే ఉండేది. ఊహించని మరో ప్రయోజనం కూడా కలిగింది. చవకగా దొరికే ఆ పుస్తకాలే తర్వాతి దశాబ్దాల్లో పోటీపరీక్షలకు కూర్చునే తెలుగు మీడియం పిల్లలకు ఆధారమయ్యాయి. గ్రూప్స్‌కు చదివిన ఏ పాత తరం ఉద్యోగినడిగినా అకాడమి పుస్తకాల కట్ట గురించి చెబుతారు.

విచిత్రమేమిటంటే అకాడమి పుట్టిన 1968లోనే విశ్వనాథ సత్యనారాయణ ‘వేయిపడగలు’ నవలకు పి.వి. చేసిన హిందీ అనువాదం ‘సహస్రఫణ్’ భారతీయ జ్ఞానపీఠ్ నుంచి వెలువడింది. అంతటి నవలను అనువదించినవాడు విద్యామంత్రి కుర్చీలో కూర్చోవడం మన రాజకీయాల్లో తరచు జరిగేది కాదు.

1969–70 విద్యా సంవత్సరంలో ఆంధ్రప్రదేశ్ పీయూసీని తీసేసి రెండేళ్ళ ఇంటర్మీడియట్ ప్రవేశపెట్టింది. కొఠారి కమిషన్ చెప్పిన 10+2+3 నమూనాను అంత త్వరగా చేపట్టిన రాష్ట్రాలు తక్కువ. చాలా చోట్ల +2ను పాఠశాలలకు జోడించగా మన రాష్ట్రం విడి జూనియర్ కళాశాలలు పెట్టింది, 1971లో వాటికి ప్రత్యేకంగా ఇంటర్మీడియట్ బోర్డు వచ్చింది. అప్పటికి సౌకర్యంగా కనిపించిన ఈ విడదీత తర్వాత అనుకోని దారి పట్టింది. బడికీ, డిగ్రీకీ చెందకుండా మధ్యలో నిలిచిన ఆ రెండేళ్ళలోకే ఎంసెట్ కోచింగ్ వ్యాపారం జొరబడింది. కార్పొరేట్ జూనియర్ కళాశాలల పాపాన్ని పి.వి. మీద రుద్దడం అన్యాయమే. ఆ రెండేళ్ళు బడిలో భాగంగానే ఉండి ఉంటే ఏమయ్యేదన్న ప్రశ్న మాత్రం విద్యాచరిత్రలో మిగిలే ఉంది.

ఇంతలో 1969 వచ్చింది. ఖమ్మం జిల్లాలో తెలంగాణ రక్షణల అమలు కోసం మొదలైన విద్యార్థుల ఆందోళన నెలలో ప్రత్యేక తెలంగాణ ఉద్యమంగా మారింది. ఉస్మానియా, వరంగల్ కళాశాలలు నెలల తరబడి మూతపడ్డాయి. పోలీసు కాల్పుల్లో విద్యార్థులు చనిపోయారు. ఉద్యమకారులు చెప్పే మృతుల సంఖ్య 369. కొండా లక్ష్మణ్ బాపూజీ మంత్రి పదవికి రాజీనామా చేశారు. తెలంగాణకే చెందిన విద్యామంత్రి మాత్రం మంత్రివర్గంలోనే ఉండిపోయారు. పిల్లలు తరగతులు వదిలి వీధుల్లోకి వచ్చినప్పుడు ఆ శాఖ మంత్రి మౌనంగా ఉండటం తెలంగాణ ఉద్యమకారులు ఎన్నడూ మరువని సంగతి. ఆయన సమైక్య రాష్ట్రాన్ని నమ్మారు. ఆ నమ్మకం కోసం స్వస్థలంలో చెల్లించుకున్న మూల్యం తక్కువేమీ కాదు. 1971 లోక్‌సభ ఎన్నికల్లో తెలంగాణ ప్రజా సమితి 14 స్థానాల్లో 10 గెలిచాక, బ్రహ్మానందరెడ్డి తప్పుకోవలసి వచ్చింది. ఇందిరాగాంధీ ముఖ్యమంత్రి పదవికి తెలంగాణ వ్యక్తి కోసం వెతికినప్పుడు, ఎవరి వర్గానికీ చెందని పి.వి. కనిపించారు.

సర్వేల్

1971 సెప్టెంబరు 30న పి.వి. ముఖ్యమంత్రి అయ్యారు. రెండు నెలలు తిరగకుండానే, నవంబరు 23న, నల్లగొండ జిల్లా సర్వేల్‌లో (నేడు యాదాద్రి భువనగిరి జిల్లా) ప్రభుత్వ గురుకుల పాఠశాలను ప్రారంభించారు. ఇంత తక్కువ వ్యవధిలో బడి తెరుచుకుందంటే ఆ ఆలోచన, సన్నాహం విద్యామంత్రిగా ఉన్న రోజుల నుంచే సాగాయన్నమాట. సర్వోదయ నాయకుడు మద్ది నారాయణరెడ్డి ఇచ్చిన భూమి, వసతుల మీద అది వెలిసింది. మరుసటి ఏడాది గుంటూరు జిల్లా తాడికొండలో, అనంతపురం జిల్లా కొడిగెనహళ్ళిలో మరో రెండు తెరిచారు. తెలంగాణకొకటి, కోస్తాకొకటి, సీమకొకటి.

పథకం చూడటానికి తేలిక. పల్లెటూళ్ళ ప్రభుత్వ బడుల్లో చురుకైన పేద పిల్లలను పరీక్ష పెట్టి ఎంపిక చేయాలి. ఒకే ఆవరణలో ఉపాధ్యాయులు, విద్యార్థులు కలిసి ఉండాలి. తిండి, బట్ట, పుస్తకం అన్నీ ప్రభుత్వానివే. బోధన తెలుగులో. పబ్లిక్ స్కూలు పద్ధతి నుంచి ఆవాస జీవితాన్నీ, ప్రాచీన గురుకులం నుంచి పేరునూ తీసుకుని, ఫీజు కట్టలేనివాడికి ఇవ్వడం ఇందులోని కొత్తదనం. పదో తరగతి ఫలితాల్లో ఈ మూడు బడులు ఏటా రాష్ట్ర ర్యాంకులు ఎగరేసుకుపోవడం 1970, 80 దశకాల్లో తెలుగు పత్రికలకు మామూలు వార్త. సర్వేల్ నుంచి ఐఏఎస్‌లు, ఐపీఎస్‌లు, శాస్త్రవేత్తలు, వైద్యులు పెద్ద సంఖ్యలో వచ్చారు. తెలంగాణ పోలీసు శాఖ అధిపతిగా పనిచేసిన ఎం. మహేందర్‌రెడ్డి ఆ బడి విద్యార్థే.

మొదట సాధారణ గురుకులాలుగా వచ్చినవి 1980ల్లో సాంఘిక సంక్షేమ గురుకులాలుగా విస్తరించాయి. ప్రతిభ ఆధారంగా ఏరిన కొద్దిమంది కోసం అనుకున్న నమూనా దళిత, గిరిజన, వెనుకబడిన వర్గాల పిల్లల హక్కుగా మారింది. ఆ మార్పులో పి.వి. కంటే ఎస్.ఆర్. శంకరన్ వంటి అధికారుల, దళిత ఉద్యమాల పాత్ర ఎక్కువ. అయినా వాళ్ళకు చూపించడానికి ఒక నడిచే బడి ఉంది. ప్రభుత్వం ఏదైనా కొత్తది చేయాలంటే ముందు ఎక్కడో ఒక చోట జరిగి చూపించాలి. సర్వేల్ చేసిన మేలు అదే.

ముఖ్యమంత్రిగా ఆయన మిగతా కథ విషాదం. 1972 శాసనసభ ఎన్నికల్లో వెనుకబడిన వర్గాలవారికి అంతకుముందెన్నడూ లేనన్ని టికెట్లు ఇచ్చారు. భూసంస్కరణలకు పూనుకున్నారు. భూస్వాములు కత్తి కట్టారు. 1972 అక్టోబరులో, స్థానికులకే ప్రభుత్వ ఉద్యోగాలన్న ముల్కీ నిబంధనలు చెల్లుతాయని సుప్రీంకోర్టు చెప్పడంతో కోస్తాలో జై ఆంధ్ర ఉద్యమం రాజుకుంది. 1973 జనవరిలో ఆయన తప్పుకున్నారు. ఏణ్ణర్ధం కూడా నిండని ఆ పాలనలో నిలిచి మిగిలినది చూస్తే భూపరిమితి చట్టానికి వేసిన పునాది, మూడు బడులు.

ఢిల్లీలో మళ్ళీ చదువు శాఖ

1977, 1980 ఎన్నికల్లో హనుమకొండ నుంచి లోక్‌సభకు వెళ్ళారు. విదేశాంగ, హోం శాఖలు చూశారు. 1984లో ఇందిర హత్యానంతర సానుభూతి దేశమంతా వీచినా హనుమకొండలో బీజేపీ అభ్యర్థి చందుపట్ల జంగారెడ్డి చేతిలో ఓడిపోయారు. ఆ ఎన్నికల్లో బీజేపీ దేశం మొత్తం మీద గెలిచిన రెండే రెండు స్థానాల్లో అదొకటి. మహారాష్ట్రలోని రాంటెక్ నుంచి కూడా పోటీ చేసి గెలిచారు గనుక సభలో నిలిచారు. వరంగల్ తన బిడ్డను ఓడించడం వెనుక అప్పటి తెలుగుదేశం హవాయే కాదు, 1969 కూడా ఉందని అక్కడి పాతవారు చెప్పుకోవడం వింటుంటాం.

1985 సెప్టెంబరు చివరి వారంలో రాజీవ్‌గాంధీ విద్య, సంస్కృతి, యువజన, మహిళా శాఖలను ఒకచోట చేర్చి మానవ వనరుల అభివృద్ధి మంత్రిత్వ శాఖ ఏర్పరిచారు. దానికి తొలి మంత్రి పి.వి. పని అప్పటికే మొదలైంది. విద్యాస్థితి మీద ‘సవాలు’ పత్రం ఆగస్టులో వచ్చింది. దాని మీద దేశమంతా చర్చలు జరిపించి, 1986 మేలో జాతీయ విద్యావిధానాన్ని పార్లమెంటు చేత ఆమోదింపజేశారు, ఆగస్టు కల్లా కార్యాచరణ ప్రణాళిక తెచ్చారు. 1976లో 42వ రాజ్యాంగ సవరణ విద్యను ఉమ్మడి జాబితాలో చేర్చినా, కేంద్రం ఆ అధికారాన్ని పూర్తిగా వాడటం ఈ విధానంతోనే మొదలైంది. ఇది రాష్ట్రాల్లోకి చొరబాటని అప్పుడే విమర్శ వచ్చింది. ఒకప్పుడు రాష్ట్ర విద్యామంత్రిగా కేంద్రం డబ్బుతో అకాడమి కట్టినాయనకు ఈ సంబంధంలోని రెండు వైపులూ తెలుసు.

సర్వేల్ నమూనా దేశవ్యాప్త రూపం నవోదయ విద్యాలయాలు. 1985–86లో హర్యానాలోని ఝజ్జర్, మహారాష్ట్రలోని అమరావతిలో తొలి రెండు మొదలయ్యాయి. జిల్లాకొకటి. ఆరో తరగతికి ప్రవేశ పరీక్ష, కనీసం 75 శాతం సీట్లు గ్రామీణ పిల్లలకు, మూడో వంతు బాలికలకు, ఎస్సీ, ఎస్టీలకు రిజర్వేషన్లు, ఉచిత వసతి. తొమ్మిదో తరగతిలో 30 శాతం పిల్లలు హిందీ రాష్ట్రం నుంచి హిందీయేతర రాష్ట్రానికి, అటు నుంచి ఇటూ మారతారు. వరంగల్ మామునూరు నవోదయలో ఏటా కొందరు ఉత్తరాది పిల్లలు కనిపిస్తారు, మన పిల్లలు కొందరు అటు వెళతారు. త్రిభాషా సూత్రాన్ని కాగితం మీద కాకుండా పడకగదిలో, భోజనశాలలో అమలు చేయాలన్న ఈ ఏర్పాటు వెనుక భాషలను ఊరూరా తిరిగి నేర్చుకున్న మనిషి ఆలోచన ఉందనుకోవడం తప్పు కాదు. హిందీ ఉందన్న కారణంతో తమిళనాడు వీటిని రానివ్వలేదు. అక్కడ ఇప్పటికీ ఒక్కటీ లేదు. మిగతా దేశంలో 650కి పైగా నడుస్తున్నాయి.

నవోదయకు ఘనతను రాజీవ్‌కు ఇవ్వాలా, పి.వి.కి ఇవ్వాలా అన్న తగవు తెలుగు వ్యాసాల్లో తరచు కనిపిస్తుంది. డూన్ స్కూల్లో చదివిన ప్రధానికి మంచి ఆవాస పాఠశాల అంటే ఏమిటో తెలుసు. పేద పిల్లలతో ప్రభుత్వం దాన్ని నడపగలదా అన్న అనుమానానికి జవాబు సర్వేల్‌లో పద్నాలుగేళ్ళుగా ఉంది. ఇద్దరికీ చెందుతుంది.

విమర్శకుల వాదనను తోసిపుచ్చలేం. కొఠారి కమిషన్ కోరింది ఉమ్మడి పాఠశాల వ్యవస్థ. ధనిక, పేద పిల్లలు ఒకే పరిసర బడిలో చదవాలన్నది దాని సారం. నవోదయ అందుకు ఎదురు దిశలో నడిచిందనీ, ఊరి బడిలోని అతి చురుకైన పిల్లవాణ్ణి తీసుకుపోయి బడిని అక్కడే వదిలేసిందనీ అనిల్ సద్గోపాల్ వంటివారు అన్నారు. బడికి రాలేని పిల్లలకు రాత్రివేళ అనియత విద్యా కేంద్రాలు చాలనుకోవడం మరో పెద్ద లోపం. బాలకార్మికులను పనిలోనే ఉండనిచ్చే ఆ ఏర్పాటును తెలుగునేల మీద శాంతా సిన్హా నడిపిన ఎం.వి. ఫౌండేషన్ రంగారెడ్డి జిల్లాలో ఆచరణలో ఖండించింది. పిల్లల చోటు బడేనని, పూర్తి రోజు బడేనని చూపించింది. ఈ విషయంలో పి.వి. విధానం తప్పనే చెప్పాలి.

ఊరి బడిని పూర్తిగా వదిలేశారనడం మాత్రం సరికాదు. ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ 1987లో మొదలైంది. ప్రతి ప్రాథమిక పాఠశాలకూ అన్ని కాలాల్లో పనికొచ్చే రెండు గదులు, కనీసం ఇద్దరు టీచర్లు, వీలైతే వారిలో ఒకరు మహిళ, నల్లబల్ల, పటాలు, ఆట వస్తువులు. ఈ కోరికలు ఎంత చిన్నవో చూస్తే అప్పటి బడులు ఎలా ఉండేవో అర్థమవుతుంది. జిల్లాకొక ఉపాధ్యాయ శిక్షణ సంస్థ కూడా ఆ రోజుల్లోనే వచ్చింది. మనకు ‘డైట్’ కళాశాలగా తెలిసింది అదే. 1987లో ఏఐసీటీఈకి చట్టబద్ధత దక్కింది. ఇగ్నో చట్టం పి.వి. రాకకు కొద్ది రోజుల ముందే వచ్చినా, దాని నిర్మాణం ఆయన హయాంలోనే సాగింది. దాని తొలి ఉపకులపతి ఆచార్య జి. రాంరెడ్డి. హైదరాబాదులో దేశంలోనే తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయాన్ని నడిపిన అనుభవంతో ఆయన ఢిల్లీ వెళ్ళారు.

1988 మే 5న జాతీయ అక్షరాస్యతా మిషన్ మొదలైంది. 15 నుంచి 35 ఏళ్ళ వయసున్న 8 కోట్ల మందికి 1995 కల్లా చదవడం, రాయడం నేర్పాలన్నది లక్ష్యం. మరో నెలన్నరలో పి.వి. విదేశాంగ శాఖకు వెళ్ళిపోయారు. లక్ష్యం నెరవేరలేదు. ఆ కార్యక్రమం తెలుగునేల మీద మరో రకంగా ఫలించింది. నెల్లూరు జిల్లాలో 1991లో అక్షరదీపం పేరిట సాగిన అక్షరాస్యతా ఉద్యమంలో, సారా వల్ల నాశనమైన కుటుంబం గురించిన పాఠం చదివిన దూబగుంట ఆడవాళ్ళు ఊళ్ళో సారా అమ్మకం ఆపించారు. ఆ కదలిక రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి సారాను నిషేధించారు. ఢిల్లీలో మిషన్ రాసుకున్నవారు ఈ ఫలితాన్ని కలలో కూడా ఊహించి ఉండరు. అక్షరం చేతికొచ్చాక దాన్ని దేనికి వాడాలో ప్రజలు తేల్చుకుంటారు.

ప్రధానిగా ఉన్నప్పుడు

1991–96లో విద్యాశాఖను ఎక్కువ కాలం అర్జున్‌సింగ్ చూశారు. ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి ఎన్. జనార్దనరెడ్డి అధ్యక్షతన కమిటీ పరిశీలించాక 1986 విధానాన్ని 1992లో సవరించారు. 1993లో యశ్‌పాల్ కమిటీ బడి సంచి బరువు గురించి చెప్పింది. అదే ఏడాది ఉన్నికృష్ణన్ కేసులో 14 ఏళ్ళ లోపు పిల్లలకు విద్య ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు అంది. 1995 ఆగస్టు 15న కేంద్రం మధ్యాహ్న భోజన పథకం ప్రారంభించింది. తమిళనాడులో అప్పటికే పాతదైన ఆ ఆలోచన దేశమంతటికీ రావడం పి.వి. చివరి పెద్ద విద్యా నిర్ణయం. ఇదే కాలంలో ఇంజనీరింగ్, మెడికల్ కళాశాలలు ప్రైవేటు చేతుల్లోకి వేగంగా వెళ్ళాయి, ఉన్నత విద్య మీద ప్రభుత్వ ఖర్చుకు కళ్ళెం పడింది. విద్యామంత్రి పి.వి. కట్టిన వాటిలో కొన్నింటికి ప్రధాని పి.వి. ఆర్థిక విధానమే ఎదురైందన్న విమర్శ నిరాధారమైనది కాదు.

వారసత్వం

పి.వి. పెద్ద కుమారుడు పి.వి. రంగారావు హనుమకొండ ఎమ్మెల్యేగా గెలిచి, కోట్ల విజయభాస్కరరెడ్డి మంత్రివర్గంలో విద్యాశాఖ నిర్వహించారు. తెలంగాణ ఏర్పడ్డాక వరంగల్ జిల్లాకే చెందిన కడియం శ్రీహరి 2015 నుంచి 2018 వరకు ఉపముఖ్యమంత్రిగా, విద్యామంత్రిగా ఉన్నారు. గురుకులాల పెద్ద విస్తరణ, బడుల్లో తెలుగు తప్పనిసరి చేస్తూ 2018లో వచ్చిన చట్టం ఆ కాలంలోనివే. రెండింటి మూలాలూ 1968–71 దాకా వెళతాయి. 1969లో ఉద్యమానికి దూరంగా నిలిచిన పి.వి.ని ప్రత్యేక రాష్ట్ర ప్రభుత్వమే 2020–21లో శతజయంతి జరిపి గౌరవించింది. 2024లో భారతరత్న ప్రకటించారు.

ఆయన ఆత్మకథాత్మక నవల ‘ది ఇన్‌సైడర్’ 1998లో వచ్చింది, ‘లోపలి మనిషి’గా తెలుగులోకీ వచ్చింది. రాష్ట్ర రాజకీయాల కుట్రలు అందులో వివరంగా ఉన్నాయి. ఆయన మీద వచ్చిన జీవితచరిత్రల్లో సింహభాగం 1991 తర్వాతి అయిదేళ్ళదే. విద్యాశాఖలో ఆయన గడిపిన మొత్తం ఆరేళ్ళకు వాటిలో దక్కిన పుటలు కొన్నే. సర్వేల్‌లో తొలి ఏళ్ళలో చేరిన పిల్లలు ఇప్పుడు అరవై దాటారు, అకాడమి తొలి పాఠ్యపుస్తకాలు రాసినవారిలో చాలామంది లేరు. ఉన్నవారి జ్ఞాపకాలను కాకతీయ, ఉస్మానియా విశ్వవిద్యాలయాల చరిత్ర విభాగాలు ఇప్పుడే నమోదు చేయించాలి. విద్యాశాఖ పాత దస్త్రాలను కూడా పరిశోధకులకు తెరవాలి.